కుట్టుమిషను కింద చెక్క

గూడ్సు యార్డులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే, అదీ నెలకొకసారి. మిగతా అందరికీ ఆయన గొళ్లెం బాబాయి. ఖాళీ వ్యాగన్ల తలుపులు మూసి గొళ్లెం వేయడం ఆయన ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. ఇంతోటి పనికి ఒక మనిషి కావాలా అని ఎవరైనా నవ్వితే ఆయనకి ముక్కు మీదే ఉండే కోపం నెత్తికెక్కేది. తలుపు మూయకుండా బండి కదిలితే, ఆ తలుపు గాడి తప్పి బయటికి వేలాడి, పట్టాల పక్కన నిలబడ్డవాడి తల లేపేస్తుందని చెప్పేవాడు. తను ఉద్యోగంలో చేరిన కొత్తలో అలా ఒకడి ప్రాణం పోవడం కళ్లారా చూశాడట. ఆ కథ కనీసం నాలుగుసార్లు వినని వాడు యార్డులో లేడు.

పని పద్ధతి ఇదీ. బండి బయలుదేరే ముందు నలభై వ్యాగన్ల పక్కన నడవాలి. తలుపు తెరిచి ఉన్నచోట లోపలికి తల పెట్టి చూడాలి, మూడుసార్లు కేకెయ్యాలి, తలుపు లాగాలి, గొళ్లెం వెయ్యాలి, సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గియ్యాలి. పుస్తకంలో రూలు ఇంకా పెద్దదే. లోపలికి ఎక్కి, టార్చి వేసి, నాలుగు మూలలూ చూడాలని ఉంది. టార్చి ఆఫీసువాళ్లు ఇచ్చారు, అందులో వేసే సెల్లులు ఇవ్వలేదు. రెండేళ్లపాటు అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి, ఆయన ఆ టార్చిని బీరువా మీద పడేశాడు. వ్యాగను నేల ఛాతీ ఎత్తున ఉంటుంది. ఎక్కడానికి ఆయన మోకాళ్లు ఎప్పుడో ఒప్పుకోవడం మానేశాయి. అంచేత కళ్లు చెయ్యాల్సిన పని గొంతుకి అప్పజెప్పాడు. గొంతు మాత్రం ఖంగుమనేది.

"లోపలెవరు? దిగుతారా, పోలీసులకి పట్టించమంటారా?"

ఇలా మూడు కేకలు. లోపల ఉలుకూ పలుకూ లేకపోతే వ్యాగను ఖాళీ అని అర్థం. మౌనం అర్ధాంగీకారం అంటారు గాని, గొళ్లెం బాబాయి దగ్గర మాత్రం అది పూర్తి అంగీకారమే.

ఇక చెక్కల సంగతి. వారానికి రెండు మూడు వ్యాగన్లలో, తలుపు జారే గాడిలో ఒక చెక్కముక్క బిగించి ఉండేది. ఒక కొస లావు, ఒక కొస సన్నం. అది అడ్డుగా ఉన్నంతసేపూ ఎంత లాగినా తలుపు పడదు. ఇదంతా లోడింగు కూలీల బద్ధకమని బాబాయి నిశ్చయం. సరుకు దించేటప్పుడు తలుపు కదలకుండా పెట్టుకుంటారు, పనయ్యాక తియ్యడానికి చేతులు రావు. లోడింగు మేస్త్రీతో ఆయనకి ఈ విషయమై ఇరవై ఏళ్ల తగువు. మావాళ్లు రాయి పెడతారు గాని చెక్క పెట్టరని మేస్త్రీ ఒట్టేసేవాడు. నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టమని బాబాయి అనేవాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడేవాళ్లు కాదు. ఆ చెక్కలు పెట్టే మూడోవాళ్లు ఎవరైనా ఉంటారన్న ఆలోచన మాత్రం ఇద్దరికీ రాలేదు.

వేరే యార్డుల్లో ఇలాంటి చెక్క తగిలితే, తలుపు మూసేవాడు రెండుసార్లు లాగి చూసి, ఎవడికి పట్టిందని ముందుకి పోతాడు. గొళ్లెం బాబాయి పోడు. సుత్తి తీసి ఆ చెక్కని ఊడగొట్టేదాకా ఆయన కాలు కదలదు. తన యార్డు నుంచి తలుపు తెరిచిన వ్యాగను ఒక్కటి కూడా వెళ్లలేదన్నది ఆయన గొప్ప. మనిషన్నాక ఏదో ఒక గొప్ప ఉండాలి మరి. కొందరికి మేడ ఉంటుంది, కొందరికి చెట్టంత కొడుకు ఉంటాడు. పిల్లాజెల్లా లేని ఈయనకి మూసిన తలుపులున్నాయి.

ఊడగొట్టిన చెక్కల్ని సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. బాగా ఎండిన చెక్క, నీళ్లు కాచే పొయ్యిలో చక్కగా మండేది. మూడేళ్ల కిందట ఎండాకాలంలో దొరికిన ఒక చెక్క మాత్రం పొయ్యి దాకా పోలేదు. నల్లటి గట్టి చెక్క, అరచేతిలో ఇమిడేంత. నాలుగు పక్కలా నున్నగా అరగదీసి ఉంది. పట్టు కోసం పైన మూడు గాట్లు, లావు కొసన ఒక బెజ్జం, బెజ్జంలో నీలం తాడు. అది గాడిలో ఎంత బిగిసి కూర్చుందంటే, ఒకటీ రెండూ దెబ్బలకి కదలనే లేదు. ఐదో దెబ్బకి ఊడింది. చెక్కినవాడెవడో గాని అసలైన పనివాడని బాబాయి మనసులో మెచ్చుకున్నాడు కూడా. ఇంటికి తెస్తే ఆయన భార్య కూడా మెచ్చుకుంది. ఆవిడ ఇంట్లో దిండుగలీబులు కుట్టేది. నేల మిట్టపల్లాలుగా ఉండి కుట్టుమిషను ఒక కాలు గాల్లో లేచి, పాదం వేసినప్పుడల్లా గడగడలాడేది. ఆ చెక్క కాలి కింద దూర్చేసరికి మిషను కొండలా నిలబడింది. బయటికి పొడుచుకొచ్చిన నీలం తాడుకి ఆవిడ కత్తెర కట్టుకుంది.

ఆ తరువాత ఒక పది పన్నెండు రోజులకి యార్డుకి విచారణ వచ్చింది. ఎక్కడో దూరాన ఒక సైడింగులో, పక్క పట్టాల మీదికి నెట్టి మరిచిపోయిన వ్యాగనులో పంతొమ్మిదేళ్ల కుర్రవాడి శవం దొరికింది. తొమ్మిది రోజులు ఆ ఇనప పెట్టె ఎండలో నిలబడి ఉంది. ఆ వ్యాగను తలుపు మీద సుద్దగీత ఉంది, గీత బాబాయిది. అధికారి కుర్చీలో కూర్చుని అడిగాడు, బాబాయి నిలబడి చెప్పాడు. లోపలికి చూశావా? చూశానండి. కేకేశావా? మూడుసార్లు వేశానండి. మనిషి గాని, వస్తువు గాని కనిపించిందా? లేదండి. ఇందులో ఆయన కావాలని ఆడిన అబద్ధం ఏదీ లేదు. చెక్కముక్కని వస్తువని ఎవరంటారు? చెత్త గురించి అధికారులకి చెప్పాలని ఎవరికి తోస్తుంది?

మూసిన తలుపుని ఆ కుర్రవాడే తరువాత తెరుచుకుని ఎక్కి ఉంటాడని, కుదుపుకి తలుపు జారి గొళ్లెం దానంతటదే పడి ఉంటుందని రాసి కాగితాలు కట్టేశారు. బాబాయి ఇంటికొచ్చి, వాణ్ని ఎక్కమన్నదెవరు, చావమన్నదెవరు, గాలికి తిరిగేవాళ్ల బతుకులు గాలికే పోతాయని భార్యతో అన్నాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు, అన్నం తిని కంటినిండా నిద్రపోయాడు.

ఇంకో తొమ్మిది నెలల్లో రిటైరవుతాడనగా, కెమెరా పట్టుకుని ఒకమ్మాయి యార్డుకి వచ్చింది. గూడ్సు బళ్లెక్కి ఊళ్లూళ్లూ తిరిగే కుర్రకారు మీద డాక్యుమెంటరీ తీస్తోందట. వాళ్లతో పాటు ఎనిమిది నెలలు తిరిగి వచ్చిందట. చిన్న సినిమానో పెద్ద సినిమానో, సినిమా అంటే సినిమాయే. మర్నాటికి లోడింగు మేస్త్రీ మీసాలు నల్లబడ్డాయి. బాబాయి ఆ సినిమా అమ్మాయికి తన ఉద్యోగం గురించి గంటసేపు చెప్పాడు. తల లేచిపోయిన కథ కూడా చెప్పాడు. ఒక తలుపు మూసి, గొళ్లెం వేసి, గీత గీసి చూపించాడు. ఆమె శ్రద్ధగా అంతా విని, సినిమా అయ్యాక ముందు ఈ యార్డులోనే వేస్తానని మాటిచ్చింది.

మాట నిలబెట్టుకుంది. నాలుగు నెలలకి ఒక ఆదివారం పొద్దున ఉద్యోగుల హాలులో తెర కట్టారు. బాబాయి భార్య పెట్టెలోంచి మంచి చీర తీసింది. మొగుడు తెర మీద కనిపిస్తాడంటే ఏ ఆడదానికైనా సరదా ఉంటుంది కదా. ఇద్దరూ రెండో వరసలో కూర్చున్నారు, వాళ్ల వెనకాల మేస్త్రీ తన బలగంతో కూర్చున్నాడు.

మొదటి అరగంటా హాలు నవ్వులతో నిండింది. తెర మీద కుర్రాళ్లు వ్యాగను కప్పు మీద పడుకుని పాడుతుంటే, మనవాళ్లు వాళ్ల మొహాలు చూడకుండా వ్యాగన్ల నంబర్లు చదువుతున్నారు. అది మన షెడ్డులో బాగుచేసిన బండే అని ఒకడు, ఆ బ్రేకు నేను బిగించిందే అని ఒకడు. డబ్బాలో అన్నం వండుకునే జంట వచ్చింది. ఇంకా పళ్లు రాని కుక్కపిల్లని చొక్కాలో దాచుకున్న పిల్లవాడు వచ్చాడు. ఇంట్లో సవతి తండ్రి కొడతాడని, పంట కోతలకి కూలి దొరుకుతుందని, ఊరికే చూడాలనిపించిందని, ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పారు. ఆ తరువాత ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఒకతె కెమెరా ముందు కూర్చుంది. కత్తితో ఒక చెక్కముక్కని చెక్కుతూ మాట్లాడింది.

వ్యాగను ఎక్కగానే ముందు చెయ్యాల్సిన పని తలుపు గాడిలో ఇది బిగించడమని చెప్పింది. బండి కుదుపుకి తలుపు జారిపోతే గొళ్లెం బయటి నుంచి పడిపోతుంది, లోపలి నుంచి తియ్యడానికి ఏమీ ఉండదు. యార్డుల్లో తలుపులు మూసేవాళ్లు కూడా చెక్క గట్టిగా ఉంటే లాగి లాగి వదిలేసి పోతారు. ఇది మా తాళంచెవి లాంటిదని చెప్పి, నవ్వబోయి ఆగింది. తనకొక తమ్ముడు ఉండేవాడట. మూడేళ్ల కిందట ఎండాకాలంలో ఒక యార్డులో వాణ్ని వ్యాగనులో ఉంచి, నీళ్లు పట్టుకురావడానికి తను దిగింది. పంపు దగ్గర పెద్ద వరస ఉంది. తిరిగొచ్చేసరికి బండి కదులుతోంది, తలుపు మూసి ఉంది. సీసాలు పడేసి పరిగెత్తింది, అందలేదు. గేటు దగ్గరున్న మనిషికి చెబితే, మీలాంటివాళ్లు ఎక్కడో ఎక్కుతారు, ఎక్కడో దిగుతారులే అని కర్ర ఊపాడు.

"ఆ చెక్క నేనే చెక్కాను. నల్ల చెక్క, పట్టుకోడానికి మూడు గాట్లు పెట్టాను, మెళ్లో వేసుకోడానికి బెజ్జం పెట్టి నీలం తాడు కట్టాను," అంది ఆ అమ్మాయి. "సన్నంగా చెక్కినట్టున్నాను. జారిపోయింది. నేను సరిగ్గా చెక్కి ఉంటే వాడు బతికుండేవాడు."

తెర మీద ఆ అమ్మాయి మొహం పోయి ఒక చెయ్యి వచ్చింది. నరాలు తేలిన ముసలి చెయ్యి. అది వ్యాగను తలుపు లాగింది, గొళ్లెం వేసింది, సుద్దతో ఒక గీత గీసింది. ఆ చెయ్యి ఎవరిదో యార్డంతటికీ తెలుసు. హాలు మొత్తం చప్పట్లు కొట్టింది. ఎవరో ఈల వేశారు. మేస్త్రీ వెనక నుంచి బాబాయి వీపు మీద ఒక్కటి చరిచి, హీరో అయిపోయావు పో అన్నాడు.

బాబాయి భార్య చప్పట్లు కొట్టలేదు. ఆవిడ తెర మీది చేతిని చూసి, పక్కన కుర్చీ మీద ఉన్న చేతిని చూసి, తరువాత ఆయన మొహంలోకి చూసింది. ఆయన తల తిప్పలేదు. సినిమా అయ్యాక ఆ చెక్క చెక్కిన అమ్మాయిని కూడా వేదిక మీదికి పిలిచారు. ఆమె హాలులోనే, వెనక వరసలోనే కూర్చుని ఉందని అప్పుడు తెలిసింది. బాబాయి, ఆయన భార్య టీ తాగకుండానే లేచి వచ్చేశారు.

ఇంటికి రాగానే ఆవిడ మంచి చీర కూడా మార్చకుండా నేల మీద కూర్చుని, మిషను కాలి కింద నుంచి చెక్కని లాగింది. మిషను ఒక పక్కకి ఒరిగింది. కత్తెర ముడి విప్పి పక్కన పెట్టింది. గాట్లు లెక్కపెట్టాల్సిన పని లేదు, మూడేళ్లుగా ఊడ్చేటప్పుడల్లా చూస్తున్నవే.

"దీని మీద మూడేళ్లు కుట్టాను," అంది.

ఆయన గోడకానుకుని కూర్చున్నాడు. జారలేదే, ఐదు దెబ్బలు కొట్టానే అన్నాడు. ఎవరితో అంటున్నాడో ఆయనకే తెలియదు. ఆవిడ మాత్రం గట్టిగానే మాట్లాడింది. ఐదు నెలల్లో గౌరవంగా బయటపడే మనిషి ఇప్పుడు నోరు తెరిస్తే కేసవుతుందంది. ఈ క్వార్టరు ఖాళీ చెయ్యమంటే ఏ చెట్టు కిందికి పోతామంది. పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు, అడుసు తొక్కనేల కాలు కడగనేల అంది. పొయ్యి వెలిగించి, ఇందులో వేసేయండి అని చెక్క ఆయన ముందు పెట్టింది.

"వాడు తిరిగి రాడు, నిజమే," అన్నాడాయన. "ఆ పిల్ల ఉంది కదే. తన వల్లే పోయాడనుకుంటోంది. అది నిజం కాదని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే."

నీళ్లు కాగాయి, పొయ్యి ఆరింది, చెక్క అలాగే ఉంది. మర్నాడు పొద్దున ఆయన డ్యూటీకి బయలుదేరుతుంటే టిఫిను డబ్బా పక్కన ఒక చిన్న మూట కనిపించింది. కొత్త దిండుగలీబు గుడ్డలో చెక్కని చుట్టి, దాని నీలం తాడుతోనే ఆవిడ ముడి వేసింది. ఆయన చూసేసరికి ఆవిడ అటు తిరిగి గిన్నెలు తోముతోంది.

సినిమా అమ్మాయి, చెక్క చెక్కిన అమ్మాయి స్టేషను ఎదుట లాడ్జిలో ఒకే గదిలో దిగారు. రెండు మంచాలు, ఒక స్టూలు, గోడకి ఒక అద్దం. బాబాయి చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లి, మూట విప్పి చెక్కని స్టూలు మీద పెట్టాడు.

ఆ అమ్మాయి దాన్ని ముట్టుకోలేదు. "ఇదెక్కడ దొరికింది మీకు? పట్టాల మీదా?" అని అడిగింది.

"గాడిలోనే ఉందమ్మా. జారలేదు. ఐదు దెబ్బలు కొడితే గాని రాలేదు. ఊడగొట్టింది నేనే, తలుపు మూసిందీ నేనే."

తిడుతుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. కొడితే పడదామని సిద్ధపడే వచ్చాడు. ఆ అమ్మాయి చెక్కని చేతిలోకి తీసుకుని, సన్నటి కొస మీద సుత్తి దెబ్బలకి పడ్డ సొట్టల్ని వేలితో తడిమింది. అయితే నేను బాగానే చెక్కానన్నమాట అని తనలో తను అనుకుంది. ఇంకోసారి కూడా అదే అంది. ఆమె భుజాలు కిందికి దిగాయి. బాబాయికి ఆ ఒక్క నిమిషం, వచ్చిన పని అయిందనిపించింది. పాపం, అక్కడితో లేచి వచ్చేసి ఉంటే బాగుండేది.

"మరి మూసే ముందు మీరు కేకెయ్యలేదా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"వేశానమ్మా. మూడుసార్లు వేశాను."

"ఏమని?"

ఆయన గొణిగాడు. అలా కాదు, అక్కడ ఎలా అరిచారో అలా అరవమంది. వద్దమ్మా అన్నాడు. అరవండి అంది. సినిమా అమ్మాయి మధ్యలో ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ముప్పై ఒక్క ఏళ్లుగా నలిగిన కేక, పిలిస్తే రాకుండా ఎక్కడికి పోతుంది?

"లోపలెవరు? దిగుతారా, పోలీసులకి పట్టించమంటారా?"

గది అద్దం కూడా అదిరింది. అదిరిన అద్దం కుదుటపడేలోగా ఆ అమ్మాయి మంచం మీద లేదు. తలుపు పక్క మూలలో, గోడకి వీపు ఆనించి, మోకాళ్లు దగ్గరికి లాక్కుని, అరచేత్తో నోరు మూసుకుని ఉంది. కావాలని చేసింది కాదు, ఆ గొంతు వినగానే ఆమె ఒళ్లు దానంతటదే అక్కడికి వెళ్లిపోయింది. గుమ్మంలోంచి తల పెట్టి చూసేవాడికి ఆ మూల కనపడదు. ముప్పై ఒక్క ఏళ్లలో బాబాయి ఆ మూల చూడటం అదే మొదటిసారి.

ఆమె నోటి మీది నుంచి చెయ్యి తీసి, ఆ చేతినే చూసుకుంది.

"ఇలా కూచుంటాం," అంది. "ఆ కేక వినపడితే కదలకు, ఊపిరి కూడా తియ్యకు, వాళ్లు పోయేదాకా పలక్కు అని వాడికి నేర్పింది నేనే."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఒక బరువు దించుదామని వెళ్లిన మనిషి అంతకు పదింతల బరువు ఆ పిల్ల నెత్తిన పెట్టి వచ్చాడు. ఆమె ఏడుస్తుంటే సినిమా అమ్మాయి ఆయన్ని మెల్లగా బయటికి పంపి తలుపు వేసింది. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి యార్డు దాకా నడిచాడు.

ఆ వారమే ఆఫీసుకి వెళ్లి, జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాడు. శిక్ష వేస్తారని భయపడ్డాడు. నిజం చెప్పాలంటే, వేస్తే బాగుండునని కూడా ఉంది. అధికారి ఆ కాగితం రెండుసార్లు చదివి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. ఫైలు మూసేసి మూడేళ్లయింది, రిజిస్టరులో చెక్క ప్రస్తావన ఎక్కడా లేదు, లేని చెక్కని ఇప్పుడు ఎక్కడి నుంచి తెమ్మంటావన్నాడు. వయసు మీద పడిందయ్యా, ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో అన్నాడు. ఆ మాట దయగానే అన్నాడు.

బాబాయి బీరువా మీది టార్చి దించాడు. సెల్లులు తనే కొన్నాడు. ఒక పాత స్టూలు సంపాదించి, ఏడుస్తున్న మోకాళ్లతో ప్రతి వ్యాగనులోకీ ఎక్కడం మొదలుపెట్టాడు. కేక మార్చాడు. తలుపు మూసేస్తున్నానమ్మా, లోపలుంటే పలకండి, పోలీసులెవరూ లేరు, నేనొక్కణ్నే ఉన్నాను అని చెప్పేవాడు. ఖంగుమనే గొంతుకి మెత్తగా పలకడం రాదు, వణికేది. కూలీలు చాటున నవ్వుకున్నారు. ఎనిమిది రోజులు ఎవరూ పలకలేదు. తొమ్మిదో రోజున టార్చి వెలుగు ఇంకా పడని మూల నుంచి ఒక ఆడపిల్ల గొంతు, ఉన్నాం అంది.

ఆయన వ్యాగను నేల మీదే కూర్చుండిపోయాడు. అడగాల్సిన తీరులో అడిగితే పలికేవాళ్లే. వాళ్ల చెక్కని ముట్టుకోకుండా, గీత గియ్యకుండా దిగిపోయాడు. ఆ యార్డు నుంచి తెరిచిన తలుపుతో వెళ్లిన మొదటి వ్యాగను అది. నాలుగు నెలల్లో మొత్తం పద్నాలుగు మంది పలికారు. ఆ సంఖ్య భార్యకి చెప్పాడు గాని, దాన్ని పట్టుకుని వెనక్కి ముప్పై ఒక్క ఏళ్లు లెక్క వెయ్యడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. ఆవిడ కూడా వెయ్యలేదు.

వ్యాగను వ్యాగనుకీ ఎక్కి దిగితే బళ్లు ఆలస్యం కావా? అయ్యాయి. ఖాళీ వ్యాగన్లలోకి అనవసరంగా ఎక్కి కాలయాపన చేస్తున్నందుకు మెమో వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఆయనకి పడిన శిక్ష అదొక్కటే. రిటైరైన రోజున మాత్రం మెమో సంగతి ఎవరూ ఎత్తలేదు. అదే హాలులో దండ వేశారు. ఈయన హయాములో ఈ యార్డు నుంచి ఒక్క వ్యాగనూ తలుపు తెరిచి వెళ్లలేదని అధికారి మెచ్చుకున్నాడు. మళ్లీ చప్పట్లు పడ్డాయి.

ఆయన చోట కొత్త మనిషి వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, ఒళ్లు, గొంతు రెండూ గట్టివే. రెండేళ్ల కిందట బాబాయి సెలవు పెట్టినప్పుడు బదులు పని చేస్తూ, ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు లోపలికి ఎక్కి చూడమని, మెత్తగా పిలవమని బాబాయి చేతులు పట్టుకుని బతిమాలాడు. మీకు మెమో వచ్చింది కదా బాబాయ్, నాకూ ఇప్పిస్తారా అని అతను నవ్వాడు. అతన్ని తప్పు పట్టడానికి కూడా లేదు. ఇద్దరు పిల్లల తండ్రి.

క్వార్టరు ఖాళీ చేసి, వాళ్లు యార్డు గోడ వెనక వీధిలోనే రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. అక్కడా నేల ఎగుడుదిగుడే. ఆవిడ మిషను కాలి కింద మళ్లీ ఏమీ పెట్టలేదు, అది గడగడలాడుతూనే ఉంటుంది. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకి గోడ అవతల ఖాళీ బండి వచ్చి నిలబడుతుంది. ఆ వేళకి ఆవిడ పాదం ఆపేస్తుంది. ఆయన చదువుతున్న పేపరు దించుతాడు.

"లోపలెవరు? దిగుతారా, పోలీసులకి పట్టించమంటారా?"

నేర్పింది నేర్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా మూడుసార్లు. భార్యాభర్తలిద్దరూ చెవులు రిక్కించి వింటారు. ఎవరూ పలకరు. ఆ తరువాత తలుపు పడిన చప్పుడు వినిపిస్తుంది.